సభ ముగిశాక మాట ఎక్కడికి పోతుంది?

తెలుగువాళ్లు తరతరాలుగా విన్న ఉపన్యాసం ఏదంటే రాజకీయ నాయకుల పేర్లు వెతకనక్కర్లేదు. అది కౌరవ సభలో కృష్ణుడు చేసినది. తిరునాళ్లలో, శ్రీరామనవమి పందిళ్లలో తెల్లవార్లూ సాగే పద్యనాటకంలో "చెల్లియొ చెల్లకో తమకు జేసిన యెగ్గులు సైచిరందరున్" అని కృష్ణ పాత్రధారి ఎత్తుకోగానే, చాపల మీద నిద్రలోకి జారుతున్నవాళ్లు కూడా లేచి కూర్చునేవారు. పద్యం ముగిసీ ముగియకముందే వన్స్‌మోర్ కేకలు మొదలయ్యేవి. ఒక్క రోజు కూడా బడికి వెళ్లని రైతు ఆ పద్యాన్ని రాగంతో సహా అప్పజెప్పగలిగేవాడు. ఇంత పేరు మోసిన ఆ ప్రసంగం మాత్రం వచ్చిన పని సాధించలేదు. సంధి కుదరలేదు. పద్దెనిమిది అక్షౌహిణులు కురుక్షేత్రంలో నేలకూలాయి.

వక్తృత్వ మహిమను వర్ణించే వ్యాసాలు సాధారణంగా గెలిచిన ప్రసంగాలతో మొదలవుతాయి. ఓడిన ప్రసంగంతో మొదలుపెడితే వేరే ప్రశ్న ఎదురవుతుంది. సభలో ఓడిన మాట ఇన్ని వందల ఏళ్లు ఎలా బతికింది? కూర్చున్న జనాన్ని కదిలించడం ఒక విద్య. జనం లేచి ఇళ్లకు వెళ్లిపోయాక కూడా మాట నిలవడం వేరే సంగతి. రెండో దానిలో వక్త వాటా మనం ఇచ్చే గౌరవానికి తగినంత ఉండదు. దాన్ని భుజాన వేసుకుని మోసేవాళ్లు కావాలి. వాళ్లు కవులు కావచ్చు, నటులు కావచ్చు, అనువాదకులు, విలేకరులు, ఒక్కోసారి రేడియోలో వార్తలు చదివే ఉద్యోగులు కావచ్చు. చరిత్ర వక్త పేరు రాసుకుంటుంది, మోసినవాళ్ల పేరు మరిచిపోతుంది.

రాయబారం ఫలించదని కృష్ణుడికి ముందే తెలుసు. వ్యాసభారతంలో సభకు ముందు రాత్రి విదురుడు ఆయనతో, మీరు ఇక్కడికి రావడమే మంచిది కాదు, దుర్యోధనుడు మంచి మాట వినే స్థితిలో లేడు అంటాడు. కృష్ణుడి జవాబులో ఒక మెలిక ఉంది. ఆపగల శక్తి ఉండి కూడా కృష్ణుడు ఆపలేదని రేపు ఎవరూ అనకూడదు, అందుకే వచ్చాను అంటాడు. అంటే ఆయన మాట్లాడింది దుర్యోధనుడితో అయినా, చెప్పింది ఆ సభలో లేనివాళ్లకు. ఇక ఆ సభలో నిజంగా పనిచేసిన మాట దుర్యోధనుడిది. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వను అన్నాడు. ఉపమానాలు లేవు, ధర్మశాస్త్రం లేదు. యుద్ధాన్ని ఖాయం చేసింది ఆ ఒక్క వాక్యమే.

తిక్కన పదమూడో శతాబ్దంలో ఉద్యోగపర్వాన్ని నాలుగు ఆశ్వాసాల తెలుగుగా మలిచాడు. జనం నోటికి దాన్ని అందించింది మాత్రం, ఆయన తర్వాత ఆరు వందల ఏళ్లకు పైగా గడిచాక వచ్చిన తిరుపతి వేంకట కవులు. వాళ్లిద్దరూ అవధానులు. సభలో నిలబడి, ప్రశ్నలడిగే పృచ్ఛకులు అడ్డుపడుతుండగా, అప్పటికప్పుడు పద్యం చెప్పి చప్పట్లు కొట్టించుకున్నవాళ్లు. ఏ మాట సభకు అంటుకుంటుందో, ఏది జారిపోతుందో వాళ్లకు అనుభవంలో తెలుసు. పైన చెప్పిన ఉత్పలమాలనే గమనించండి:

చెల్లియొ చెల్లకో తమకు జేసిన యెగ్గులు సైచిరందరున్
తొల్లి గతించె, నేడు నను దూతగ బంపిరి సంధి సేయ, నీ
పిల్లలు పాపలుం బ్రజలు పెంపు వహింపగ బొందు సేసెదో
యెల్లి రణంబె గూర్చెదవొ యేర్పడ జెప్పుము కౌరవేశ్వరా!

తొల్లి, నేడు, ఎల్లి: నిన్న, ఇవాళ, రేపు. మూడు కాలాలూ నాలుగు పాదాల్లో వరుసగా వచ్చేశాయి. పదమూడేళ్ల వనవాస అజ్ఞాతవాసాలు ఒక్క "తొల్లి గతించె"లో మూసేశారు. రాజనీతి అంతా రెండు దారులకు కుదించి, ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నారు. చెల్లి, తొల్లి, పిల్ల, యెల్లి అంటూ పాదం పాదానికీ ప్రాస తాళం వేస్తుంది. ఒక పాదం గుర్తుంటే తర్వాతి పాదం దానికదే వచ్చేస్తుంది. ప్రాసను ఛందోనియమంగానే చూస్తాం గానీ, అచ్చుయంత్రాలు లేని కాలంలో అది మాటకు కట్టిన మోకు. ఎంత దూరం లాక్కెళ్లినా తెగదు.

ఆ మోకును పట్టుకుని ఊరూరా లాగినవాళ్లు నటులు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, కళ్యాణం రఘురామయ్య వంటివారు కృష్ణుడి వేషం కడితే పక్క ఊళ్ల నుంచి బళ్లు కట్టుకుని వచ్చేవారు. రాగాల సాగదీతలో అర్థం కొట్టుకుపోతోందని విమర్శకులు విసుక్కున్న మాట నిజమే, ఆ విసుగులో న్యాయమూ ఉంది. ఇంకో విడ్డూరం కూడా ఉంది. వన్స్‌మోర్‌లు ఎక్కువగా పడింది సంధి మాటలకు కాదు. "జెండాపై కపిరాజు" అంటూ అర్జునుడి రథాన్ని కళ్లకు కట్టి బెదిరించే శార్దూలానికి, "అలుగుటయే యెఱుంగని" అంటూ ధర్మరాజు కోపాన్ని హెచ్చరించే చంపకమాలకు పడ్డాయి. శాంతి కోసం వచ్చిన దూత చేత జనం బెదిరింపులే మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. మోసేవాళ్లు మూటలోంచి తమకు నచ్చినది ఎంచుకుంటారనడానికి ఇంతకన్నా ఋజువు అక్కర్లేదు.

మాట ఎలా ఉండాలో చెప్పిన పురాతన విమర్శ కూడా ఒక దూత గురించే పుట్టింది. వాల్మీకి కిష్కింధకాండలో హనుమంతుడు భిక్షువు వేషంలో వచ్చి రామలక్ష్మణులను పలకరిస్తాడు. సుగ్రీవుడి తరఫున వచ్చినవాడు, చెప్పేది తన మాట కాదు. అతడు చెప్పింది విన్నాక రాముడు లక్ష్మణుడి వైపు తిరిగి చేసిన పరిశీలన చూడండి. మాట మరీ విస్తారంగా లేదు, సందేహం మిగల్చలేదు, సాగదీయలేదు, చెవికి ఇబ్బంది కలగలేదు, గొంతు మధ్యమ స్థాయిలో ఉంది. ఇంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదు. ముఖంలో, కళ్లలో, కనుబొమల్లో ఏ దోషమూ కనిపించలేదు. కత్తి ఎత్తిన శత్రువు మనసైనా ఇలాంటి మాటకు కరుగుతుంది అని కూడా అంటాడు. ఇందులో ఆవేశానికీ గర్జనకూ చోటు లేదు. మైకు పట్టుకోగానే అరిచేవాళ్లకు ఈ సర్గ చదివి వినిపించాలి. మార్కులు వేసినది వినేవాడన్న సంగతి కూడా గమనించాలి. వక్త తన గురించి తాను చెప్పుకోలేదు.

గ్రీకు చరిత్రకారుడు థూసిడిడీస్ ఈ విషయంలో అరుదైన నిజాయితీ చూపాడు. ఏథెన్సుకూ స్పార్టాకూ నడిచిన యుద్ధాన్ని రాస్తూ, వక్తల మాటలు ఉన్నవి ఉన్నట్టు గుర్తుంచుకోవడం తనకూ కష్టమే, తనకు చెప్పినవాళ్లకూ కష్టమే అని మొదట్లోనే ఒప్పుకున్నాడు. వాళ్లు అన్నదాని సారాంశానికి వీలైనంత దగ్గరగా ఉంటూ, ఆ సందర్భంలో అనవలసినదేమిటో అది రాశానన్నాడు. క్రీ.పూ. 431 నాటి చలికాలంలో యుద్ధమృతుల సంస్మరణ సభలో పెరిక్లీస్ చేసిన ప్రసంగాన్ని ప్రజాస్వామ్యానికి మంత్రపుష్పంలా ఈనాటికీ చదువుతారు. మనం చదివే వాక్యాల్లో పెరిక్లీస్‌వి ఎన్ని, థూసిడిడీస్‌వి ఎన్ని అన్నది తేలే లెక్క కాదు. వ్యాసుడికీ తిక్కనకూ తిరుపతి వేంకట కవులకూ మధ్య కృష్ణుడి మాట పంచుకోబడినట్టే ఇదీ. ఏథెన్సులోనే తర్వాతి శతాబ్దంవాడైన డెమోస్తనీస్ మాసిడోనియా రాజు ఫిలిప్ మీద ఏళ్ల తరబడి నిప్పులు చెరిగాడు. క్రీ.పూ. 338లో కైరోనియా యుద్ధంలో ఫిలిప్పే గెలిచాడు. ప్రసంగాలు మాత్రం వాగ్విద్యకు పాఠ్యపుస్తకాలయ్యాయి. "ఫిలిప్పిక్స్" అన్న వాటి పేరునే అరువు తెచ్చుకుని రోములో అక్కడి నాయకుడు ఆంటోనీ మీద ప్రసంగాలు గుప్పించిన సిసిరోను క్రీ.పూ. 43లో చంపి, తలనూ చేతులనూ అదే రోములోని ఉపన్యాస వేదిక మీద ప్రదర్శనకు పెట్టారు. మాటకు అంత భయపడ్డారని దాని అర్థం. మాట ఆయనను కాపాడలేదని కూడా.

ఆ ఆంటోనీయే సాహిత్యంలో మహావక్తగా మిగలడం చరిత్ర చేసిన పరిహాసం. షేక్‌స్పియర్ నాటకంలో సీజర్ శవం దగ్గర ముందు, అతణ్ణి చంపిన కుట్రదారుల్లో ఒకడైన బ్రూటస్ వచనంలో మాట్లాడతాడు. కారణం, తర్కం, సమతూకం అన్నీ ఉన్న ప్రసంగం అది. జనం మెచ్చుకుంటారు కూడా. ఆ తర్వాత అతడు చేసిన పొరపాటు, ఆంటోనీకి వేదిక అప్పగించి ఇంటికి వెళ్లిపోవడం. ఆంటోనీ ఛందస్సులో మాట్లాడతాడు. హంతకులు గౌరవనీయులే అంటాడు. మళ్లీ అంటాడు. మూడోసారికి ఆ మాట తిట్టుగా మారిపోతుంది. వీలునామా ఉందంటాడు, చదవనంటాడు, చదవమని జనం చేతనే బతిమాలించుకుంటాడు. కత్తిపోట్లతో చిరిగిన అంగీ చూపిస్తాడు. వాదించడు, చూపిస్తాడు. అలంకారశాస్త్ర విద్యార్థులు ఈ ఘట్టాన్ని ఇక్కడిదాకా చదివి ముగిస్తారు. కానీ వెంటనే వచ్చే చిన్న దృశ్యం దీనికన్నా ముఖ్యమైనది. ప్రసంగం విన్న మూక వీధిలో సిన్నా అనే మనిషిని పట్టుకుంటుంది. కుట్రదారుల్లో ఒకడి పేరు సిన్నా. నేను ఆ సిన్నాను కాను, కవిని అని అతడు మొత్తుకుంటాడు. అయితే చెడ్డ పద్యాలు రాసినందుకు చంపండి అని అరుస్తారు. ఈ కవి చావు షేక్‌స్పియర్ కల్పన కాదు, ప్లూటార్క్ రాసిన జీవితచరిత్రల్లో ఉంది. ఆంటోనీ సిన్నా పేరు ఎత్తలేదు. అతడి మాటను మోసినవాళ్లు దాన్ని ఎక్కడ దించారో చూడండి. వక్త చేతులకు రక్తం అంటదు, అది వక్తృత్వానికున్న పాత సౌకర్యం.

భారత రాజ్యాంగ సభలో 1949 నవంబరు 25న అంబేద్కర్ చేసిన ముగింపు ప్రసంగంలో ఈ భయమే మరో రూపంలో వినిపిస్తుంది. మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చు, రాజకీయాల్లో భక్తి పతనానికీ, చివరకు నియంతృత్వానికీ దారి తీస్తుందని ఆయన హెచ్చరించారు. ఎంత గొప్పవాడి పాదాల దగ్గరైనా స్వేచ్ఛను పెట్టవద్దన్న ఆంగ్ల తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ మాటను గుర్తుచేశారు. రాజకీయంలో సమానత్వం, సాంఘిక ఆర్థిక జీవితంలో అసమానత్వం పక్కపక్కనే ఉండబోతున్నాయని చెప్పారు. మర్నాడు రాజ్యాంగం ఆమోదం పొందింది. ఆ ప్రసంగంలో జనాన్ని ఊపే మెరుపులు తక్కువ. న్యాయవాది వాదనలా మెట్టు మెట్టుగా నడుస్తుంది. దాన్ని మోసినది జనసమూహం కాదు, సభలో కూర్చుని మాట మాటా రాసుకున్న నివేదకులు. అచ్చయిన ఆ సంపుటాల్లోంచే తర్వాతి తరాలు దాన్ని తవ్వి తీసుకున్నాయి.

ఆధునిక కాలంలో ఈ మోతపని యంత్రాలకు, పత్రికలకు చేరింది. 1863 నవంబరు 19న అమెరికాలోని గెటిస్‌బర్గ్ శ్మశానవాటిక ప్రారంభంలో అసలు వక్త ఎడ్వర్డ్ ఎవరెట్. ఆయన రెండు గంటలు మాట్లాడాడు. లింకన్ దాదాపు 270 మాటల్లో, రెండు మూడు నిమిషాల్లో ముగించాడు. మీరు రెండు నిమిషాల్లో పట్టుకున్న కీలకానికి నేను రెండు గంటల్లో దరిదాపుల్లోకి వచ్చినా సంతోషించేవాణ్ణని మర్నాడు ఎవరెట్టే లింకన్‌కు రాశాడు. పెద్దమనిషి. పత్రికలో ఒక మూలన సరిపోయే పొడవు, కంఠతా పట్టడానికి వీలైన పొడవు లింకన్ ప్రసంగానికి ఉన్నాయి. ఎవరెట్ ప్రసంగానికి లేవు. చర్చిల్ సంగతి ఇంకా చిత్రం. తీరాల్లో పోరాడతాం, ఎన్నటికీ లొంగం అన్న 1940 జూన్ 4 ప్రసంగం పార్లమెంటు లోపల చేసినది, అక్కడి నుంచి రేడియో ప్రసారం లేదు. ఆ సాయంత్రం బీబీసీ వార్తల్లో మరొకరు అందులో కొన్ని భాగాలు చదివారు. ఇప్పుడు మనం వినే చర్చిల్ గొంతు ఆయన 1949లో తీరిగ్గా రికార్డు చేసినది. అయినా యుద్ధకాలంలో ఆ ప్రసంగాన్ని చర్చిల్ నోటే రేడియోలో విన్నామని నమ్మినవాళ్లు ఎందరో.

ఇక తెలుగునాట దీనికి దొరికే అత్యంత స్పష్టమైన సాక్ష్యం 1907 ఏప్రిల్. బెంగాల్ విభజన జరిగి రెండేళ్లు కావస్తోంది. వందేమాతరం నినాదం ఆంధ్ర తీరానికి పత్రికల ద్వారానే చేరుతోంది. అప్పుడు బెంగాలీ జాతీయోద్యమ నాయకుడు బిపిన్‌చంద్ర పాల్ విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి, బెజవాడ, మచిలీపట్నం మీదుగా మద్రాసుకు ఉపన్యాస యాత్ర చేశాడు. ముట్నూరి కృష్ణారావు ఆయన వెంట ఉన్నారు. మద్రాసు సముద్రతీరంలో పాల్ ప్రసంగాలు విన్న వి.ఎస్. శ్రీనివాసశాస్త్రి మితవాది, స్వయంగా గొప్ప వక్త. ఆయన కూడా మాటకు ఇంత శక్తి ఉంటుందని ఈ దేశంలో ఇంతకుముందు ఇంత పెద్ద ఎత్తున రుజువు కాలేదన్న అర్థం వచ్చేలా రాశారు. ప్రత్యర్థి పక్షం నుంచి వచ్చిన ఆ మెచ్చుకోలుకు విలువ ఎక్కువ.

అయితే పాల్ మాట్లాడింది ఇంగ్లీషులో. రాజమండ్రి సభకు వచ్చినవాళ్లలో వకీళ్లకూ ఉపాధ్యాయులకూ కళాశాల విద్యార్థులకూ అది అర్థమయ్యేది. వెనక వరసల్లోని వర్తకుడికి, పక్క పల్లె నుంచి వచ్చిన కాపుకు ఏం అందుతుంది? ఆ పని చిలకమర్తి లక్ష్మీనరసింహం మీద పడింది. పాల్ ఉపన్యాసాన్ని తెలుగులో చెప్పినది ఆయనే. ఉపాధ్యాయుడు, నాటకకర్త. ఆయన గయోపాఖ్యానం అప్పటికే రంగస్థలం మీద ఊరూరా ఆడుతోంది. యువకుడిగా టంగుటూరి ప్రకాశం రాజమండ్రిలో వేషాలు కట్టిన నాటక సమాజానికి నాటకాలు రాసి ఇచ్చినదీ చిలకమర్తే. హార్మోనియం పెట్టె ముందు కూర్చున్న జనం ఏ మాటకు తల ఊపుతారో ఆయనకు తెలుసు. ఉపన్యాసం తెలుగు చేసి ఊరుకోకుండా ఆ సందర్భంలో ఒక తేటగీతి చెప్పారు:

భరతఖండంబు చక్కని పాడియావు
హిందువులు లేగదూడలై యేడ్చుచుండ
తెల్లవారను గడసరి గొల్లవారు
పితుకుచున్నారు మూతులు బిగియగట్టి

పాలు పితికేటప్పుడు దూడ అడ్డు రాకుండా మూతికి చిక్కం కట్టడం గోదావరి జిల్లాల్లో ప్రతి ఇంటి పెరట్లోనూ రోజూ కనిపించే దృశ్యం. దేశ సంపద విదేశాలకు తరలిపోతోందని దాదాభాయి నౌరోజీ ఏళ్ల తరబడి లెక్కలు కట్టి నిరూపించిన వాదం మొత్తం ఈ నాలుగు పాదాల్లో ఉంది. పత్రికల నోరు, సభల నోరు నొక్కే చట్టాలు ఆ చిక్కంలో ఉన్నాయి. పద్యం ఎక్కడా తిరగబడమని చెప్పదు. దూడ ఏడుస్తోందని మాత్రం అంటుంది. తర్వాత ఏం చేయాలన్నది ఆవు ఉన్న ప్రతివాడికీ తెలుసు. నిజానికి అది పాల్ ప్రసంగానికి అనువాదం కూడా కాదు. పాల్ తెచ్చిన నిప్పును మరో పొయ్యిలోకి మార్చడం.

సభ ముగిసిన కొద్దిరోజుల్లోనే ఫలితాలు కనిపించాయి. రాజమండ్రి ప్రభుత్వ కళాశాల విద్యార్థులు వందేమాతరం బిళ్లలు పెట్టుకుని తరగతులకు వచ్చారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ ఒప్పుకోలేదు. వాళ్లు వినలేదు. శిక్షలు పడ్డాయి. ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న గాడిచర్ల హరిసర్వోత్తమరావును వెళ్లగొట్టారు, ప్రభుత్వోద్యోగపు తలుపు మూసేశారు. మరుసటి ఏడాది ఆయన బెజవాడలో స్వరాజ్య పత్రిక నడుపుతూ రాసిన రాతకు రాజద్రోహం కింద జైలుకు వెళ్లారు. మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి, పట్టాభి సీతారామయ్య కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల నెలకొల్పడం వెనక కూడా ఆ యాత్ర రగిల్చిన జాతీయ విద్య ఆలోచన ఉంది. ఇక పాల్, మద్రాసులో ఉండగానే లాలా లజపతిరాయ్‌ను ప్రభుత్వం దేశం దాటించిందన్న వార్త రావడంతో ఉపన్యాసాలు ఆపేసి వెనక్కి వెళ్లిపోయాడు. అదే ఏడాది అరవిందుడికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పనని నిరాకరించి ఆరు నెలల జైలు అనుభవించాడు. దేశంలోనే పేరుమోసిన వక్త, నోరు విప్పనన్నందుకు శిక్ష పడటం విచిత్రం.

రాజమండ్రిలో పాల్ అన్న మాటలు ఇప్పుడు పరిశోధకులు వెతుక్కోవాలి. పాడియావు పద్యం బడిపిల్లల నోటికి వచ్చు. దాన్ని అప్పజెప్పే పిల్లలకు దాని వెనక ఒక బెంగాలీ వక్త ఉన్నాడని సాధారణంగా ఎవరూ చెప్పరు. ఆ ఉపన్యాసాల వేడిలో చదువు పోగొట్టుకున్న గాడిచర్ల జైలు నుంచి వచ్చాక ఉపన్యాసాలతో సరిపెట్టుకోలేదు. ఊళ్లలో గ్రంథాలయాలు పెట్టించే ఉద్యమంలోకి, అక్షరం రాని పెద్దవాళ్లకు చదువు చెప్పించే పనిలోకి దిగారు.